వాన లెక్క: వాడపల్లి నుంచి మంచుదేశపు పెరటి దాకా

వాడపల్లి అనగానే చాలామందికి కోనసీమలోని వేంకటేశ్వరస్వామి క్షేత్రం గుర్తుకు వస్తుంది. నేను ప్రస్తావిస్తున్నది ఆ వాడపల్లి కాదు; మిర్యాలగూడకు దిగువన, దామరచర్ల మండలంలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, భాగ్యనగరం నడుమ నుంచి సాగి, సుమారు 240 కిలోమీటర్లు ప్రయాణం చేసి, ఇక్కడ తన పేరును కృష్ణకు అప్పగిస్తుంది. ఎక్కడో పైన కురిసిన వాన ఇక్కడికి వచ్చేసరికి కేవలం నీరు. అది ఏ ఊరి వాన, ఏ రాత్రి కురిసింది, ఎంత కురిసింది అన్న సంగతులు ఆ నీటిని చూసి ఎవరూ చెప్పలేరు. అవి తెలియాలంటే వాన పడిన చోటనే, పడిన నాడే, ఎవరో ఒకరు కొలిచి రాసిపెట్టి ఉండాలి.

ఈ సంగమక్షేత్రంలో రెండు ప్రాచీనాలయాలున్నాయి: అగస్త్యేశ్వరాలయం, లక్ష్మీనరసింహాలయం. రెండింటికీ కొలతతో ముడిపడిన ఐతిహ్యాలుండటం నన్ను ఎప్పుడూ ఆకర్షించే విషయం. అగస్త్యేశ్వరుని శిరస్సు మీద ఒక గుంట, అందులో ఎన్నడూ ఇంకని నీరు. ఆ గుంట లోతెంతో తెలుసుకోవాలని శంకరభగవత్పాదులు దారానికి ముడివేసి దించారనీ, లోతు అంతుబట్టలేదనీ స్థలపురాణం. ఇక నరసింహస్వామి సన్నిధిలో రెండు దీపాలు. స్వామి ముఖానికి ఎదురుగా ఉన్నది ఆయన ఉచ్ఛ్వాసనిశ్వాసాలకు రెపరెపలాడుతుందనీ, పాదాల చెంతనున్నది నిశ్చలంగా వెలుగుతుందనీ భక్తుల విశ్వాసం. భక్తుల సంగతి భక్తులది. కొలిచేవాడు మాత్రం ఆ రెండు దీపాల నుంచి ఒక పాఠం నేర్చుకోవచ్చు: ఒకే గర్భగుడిలో, ఒకే క్షణంలో, రెండు ఎత్తుల్లో పెట్టిన రెండు దీపాలు గాలి గురించి రెండు వేర్వేరు మాటలు చెబుతాయి. పరికరం ఎంత మంచిదన్న ప్రశ్న తరువాతిది. ఎక్కడ పెట్టామన్నది మొదటిది.

అమెరికాలోని మిన్నెసోటా, మిషిగన్ వంటి రాష్ట్రాల్లోనూ, కెనడాలోనూ స్థిరపడిన తెలుగువారు ఇటీవల ఇంటి పెరట్లో చిన్న వాతావరణ కేంద్రం పెట్టుకోవాలని ముచ్చటపడుతున్నారు. తక్కువ ధరలో ఏది కొనాలి, గడ్డకట్టే చలికి ఏది తట్టుకుంటుంది అన్నవి వారి ప్రశ్నలు. సమాధానం అంగడిలోని కొత్త సరుకు కన్నా చరిత్రలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. ఇంటి ఆవరణలో వాతావరణాన్ని కొలవటం మనకు కొత్త మోజు కాదు. తెలుగు నేల మీద ఆ పని ఒక జమీందారు ఇంట్లో మొదలై రెండు శతాబ్దాలు కావస్తున్నది.

ఇంకా వెనక్కు వెళితే, కౌటిల్యుని అర్థశాస్త్రం కోష్ఠాగారం, అంటే ధాన్యపు కొట్టు, ఎదుట మూర వెడల్పు మూతి గల కుండను వాన కొలవటానికి పెట్టమంటుంది. వాన కొలత ద్రోణాల్లో. ఏ దేశానికి ఎంత వాన సరిపోతుందో కూడా ఆ గ్రంథంలో లెక్క ఉంది. అవంతికి 23 ద్రోణాలు; గోదావరీ తీరపు అశ్మకానికి అందులో సగానికి కొంచెం ఎక్కువ. మన బోధన్ ప్రాంతమే ఆనాటి అశ్మకరాజధాని అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం కనుక, తెలంగాణ నేల వాన ఒక గ్రంథంలో అంకెగా నమోదు కావటం అదే మొదలు కావచ్చు. ఆ కుండను రాజు కొట్టు ఎదుట పెట్టించటంలోని ఆంతర్యం గమనార్హం: వాన లెక్క అంటే పంట లెక్క, పంట లెక్క అంటే పన్ను లెక్క. తరువాత వరాహమిహిరుడు బృహత్సంహితలో వాన కొలతకు మళ్ళీ పాత్రనూ ప్రమాణాన్నీ చెప్పాడు. మన రైతు మాత్రం కుండ లేకుండానే కొలుచుకున్నాడు. 'ఒక పదును వాన' అంటే నాగలి దిగేటంతగా నేల తడిసిందని అర్థం. మృగశిర, ఆరుద్ర అని కార్తెల పేర్లతో ఏ వాన ఏ పనికి వస్తుందో గుర్తుపెట్టుకున్నాడు. ఆ కొలతలో బ్రతుకంతా ఉంది. ఐతే పక్క ఊరి వానతోనూ, తాతనాటి వానతోనూ పోల్చి చూసుకునే వీలు మాత్రం లేదు. పోలిక కావాలంటే అంకె కావాలి.

ఆ అంకెలు దక్షిణాదిలో ఎడతెగకుండా మొదలైనది మద్రాసులో. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి విలియం పెట్రీ 1786లో ఎగ్మూరులోని తన సొంత ఇంట ఒక ఖగోళ పరిశీలనాలయం పెట్టుకున్నాడు. తరువాత అది కంపెనీ వశమై, 1792 నాటికి నుంగంబాకంలో సొంత భవనం సంతరించుకుంది. 1796 నుంచి అక్కడ వాతావరణ పరిశీలనలు నమోదవుతూ వచ్చాయి. ఇంత పెద్ద చరిత్రకు మూలం ఒక మనిషి తన ఇంట్లో పెట్టుకున్న పరికరాలే!

ఆ మద్రాసు పరిశీలనాలయానికి టి.జి. టేలర్ అధిపతిగా ఉన్న కాలంలో ఆయన దగ్గర గణితం, ఖగోళశాస్త్రం అభ్యసించిన తెలుగువాడు గోడే వెంకట జగ్గారావు (1817–1856). విశాఖపట్నపు జమీందారీ వంశీకుడు. చదువు ముగించుకొని వచ్చి, 1840లో విశాఖలోని డాబాగార్డెన్స్‌లో, తన నివాసపు ఆవరణలోనే పరిశీలనాలయం నిర్మించాడు. చుక్కలను చూడటానికి దూరదర్శిని, దానితో పాటే గాలినీ వాననూ కనిపెట్టే పరికరాలు. ఆ రోజుల్లో జమీందారులు తమ సిరిని దేని మీద వెచ్చించేవారో మనకు తెలియనిది కాదు. అటువంటి కాలంలో ఒక యువకుడు నీడలో వేలాడే ఉష్ణమాపకం ముందు నిలబడి అంకె రాసుకోవటం నాకు అపురూపంగా తోస్తుంది.

జగ్గారావు నలభై ఏళ్ళు నిండకుండానే మరణించాడు. సాధారణంగా ఇటువంటి వ్యక్తిగత వ్యాసంగాలు మనిషితోనే ముగిసిపోతాయి. పరికరాలు అటకెక్కుతాయి, కాగితాలు చెదల పాలవుతాయి. ఇక్కడ అలా జరగలేదు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827–1892) ఆ బాధ్యతను తలకెత్తుకున్నాడు. 1868 సూర్యగ్రహణాన్ని, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిన అరుదైన ఘట్టాన్ని ఆయన అక్కడి నుంచే పరిశీలించాడు. 1871లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వం పొందాడు. గ్రహణాలు పత్రికలకెక్కుతాయి, కానీ వాటి నడుమ గడిచిన మామూలు దినాల్లో, ఏ విశేషమూ లేని ఉదయాల్లో, వాయుభారమెంత, వేడిమి ఎంత, వాన ఎంత అని రాసుకుంటూ పోవటమే అసలైన తపస్సు. భారత వాతావరణ శాఖ ఏర్పడినది 1875లో. అంటే ప్రభుత్వానికి ఆ పేరుతో ఒక శాఖ పుట్టటానికి ముప్పైయేళ్ళకు పైగా ముందే ఒక తెలుగు ఇంట్లో ఆ పని సాగుతున్నది. 1876 అక్టోబరులో విశాఖ తీరాన్ని తాకిన తుపాను మీద జాన్ ఇలియట్ ప్రత్యేక నివేదిక రాయవలసి వచ్చిందంటే, ఆ తీరంలో వాయుభారపు అంకెకు ఎంత విలువో ఊహించుకోవచ్చు.

హైదరాబాదులోనూ ఇటువంటి కథే ఉంది. నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో పెట్టిన పరిశీలనాలయమే, ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, నిజామియా పరిశీలనాలయంగా బేగంపేటకు తరలింది.

ఆ 1908వ సంవత్సరమే మళ్ళీ మనలను మూసీ గట్టుకు తీసుకువస్తుంది. సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని లెక్క. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, ముందుగా వాన లెక్కలు, చెరువుల లెక్కలు తీశాడు. శంషాబాదు వర్షమాపకంలో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు నమోదైంది. మూసీ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. ఈ అంకెల పునాది మీదనే వరదను పైననే పట్టి నిలిపే జలాశయాల ఆలోచన రూపుదిద్దుకుంది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. శంషాబాదులో ఆ రోజు ఎవరో, పేరు చరిత్రకెక్కని ఒక ఉద్యోగి, ఆ హోరువానలోనూ పాత్రలోని నీటిని కొలిచి పుస్తకంలో రాశాడు. ఆ పని జరగకపోతే విశ్వేశ్వరయ్యకు ఊహ తప్ప ఆధారమేముండేది?

సరిగా ఇదే పాఠాన్ని మరో చోట, మరో వరద నేర్పింది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ కాలిన్స్ అనే పట్టణం. 1997 జులై 28 రాత్రి అక్కడ ఆకస్మిక వరద వచ్చి ఐదుగురు మరణించారు. పట్టణంలో ఒక వైపు 31 గంటల్లో 14 అంగుళాలకు మించి కురిసింది. కొన్ని మైళ్ళ అవతల రెండంగుళాలు కూడా లేదు. ఉన్న కొద్దిపాటి అధికారిక వర్షమాపకాలతో ఆ వాన స్వరూపం అంతుపట్టలేదు. ఆ మరుసటి ఏడు, 1998లో, కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయపు వాతావరణ నిపుణుడు నోలన్ డోస్కెన్ పూనికతో 'కోకోరాస్' అనే స్వచ్ఛంద పరిశీలకుల వ్యవస్థ పుట్టింది. గృహస్థులు, విశ్రాంత ఉద్యోగులు, బడిపిల్లలు తమ తమ పెరళ్ళలో ఒకే రకపు వర్షమాపకం పెట్టి, రోజూ ఉదయం ఒకే వేళకు చూసి లెక్క పంపుతారు. ఇప్పుడది అమెరికా రాష్ట్రాలన్నిటికీ, కెనడాకూ విస్తరించింది. ఇంగ్లండులో జార్జి సైమన్స్ 1860లోనే ఇటువంటి ఔత్సాహికులను కూడగట్టాడు. మన దేశంలో చిరకాలం వాడుకలో ఉన్న 'సైమన్స్ వర్షమాపకం' ఆయన పేరిటిదే.

ఇక చలిదేశాల మిత్రుల ప్రశ్నకు వస్తాను. విశాఖలో జగ్గారావుకు ఎదురుకాని చిక్కులు అక్కడ మూడున్నాయి: మంచు, గడ్డకట్టటం, మంచు మీద పడి తిరిగివచ్చే ఎండ.

మొదటిది వాన, మంచు. అంగట్లో దొరికే స్వయంచాలిత కేంద్రాల్లో చాలావాటిలో వాన కొలిచే సాధనం ఒక చిన్న తూగుదొన్నె. గరాటులోంచి నీరు పడి దొన్నె నిండగానే అది ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక్కొక్క ఒరుగుకు 0.2 మిల్లీమీటర్లు లేక ఆ దరిదాపు వాన అని లెక్క. వానకు ఇది చక్కని ఉపాయమే. మంచు కురిస్తే గరాటు పూడుకుపోతుంది. ఆ రోజు లెక్క సున్నా. మూడు రోజుల తరువాత ఎండ కాసి మంచు కరిగితే, నిర్మలమైన ఆకాశం కింద 'వాన కురుస్తున్నది' అని తెర మీద కనబడుతుంది! వేడిచేసే గరాటులున్నాయి గానీ వాటికి కరెంటు తీగ కావాలి, ఖర్చు పెరుగుతుంది, కొంత నీరు ఆవిరై పోతుంది కూడా. చవకైన, నమ్మదగిన మార్గం కోకోరాస్ వారు వాడే నాలుగంగుళాల ప్లాస్టిక్ వర్షమాపకం. కుటుంబంతో ఒక పూట హోటలు భోజనానికయ్యేంత ఖర్చు. చలికాలంలో దాని గరాటును, లోపలి సన్నని గొట్టాన్ని తీసి ఇంట్లో పెట్టుకొని, బయటి పాత్రను మాత్రమే ఉంచాలి. పడిన మంచును లోనికి తెచ్చి, కొలిచిన గోరువెచ్చని నీరు పోసి కరిగించి, పోసిన నీటిని తీసివేసి లెక్కకట్టాలి. పది అంగుళాల మంచు ఒక అంగుళం నీటితో సమానమని లోకంలో ఒక వాడుక ఉంది. తడిమంచుకూ పొడిమంచుకూ ఆ నిష్పత్తి చాలా తేడాగా ఉంటుంది గనుక కరిగించి చూడటమే ధర్మం.

రెండవది ఉష్ణోగ్రత. పాదరసం −38.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది కనుక అతిశీతల ప్రాంతాల్లో పాతకాలపు పాదరస ఉష్ణమాపకానికి చోటు లేదు. ఇప్పటి ఎలక్ట్రానిక్ సాధనాలకు ఆ బాధ లేకపోయినా బ్యాటరీ ఉంది. సాధారణమైన ఆల్కలైన్ బ్యాటరీ గట్టి చలికి చతికిలబడుతుంది. బయట పెట్టే భాగానికి −40 దాకా పనిచేసే లిథియం బ్యాటరీలు వాడాలి. కొనేముందు బయటి భాగం ఎంత చలి దాకా పనిచేస్తుందో తయారీదారు ఇచ్చిన పరిమితి చూసుకోవాలి. మీ ఊరి చలి −30కి దిగుతుంటే, −20 వద్ద మూగబోయే పరికరం ఎంత చవకైనా దండుగే. ఏడాదిలో మీరు దాన్ని ఎక్కువగా అడగబోయే రాత్రే అది బదులివ్వదు.

ఇక నీడ. రచయిత ఆర్.ఎల్. స్టీవెన్సన్ తండ్రి, దీపస్తంభాల ఇంజనీరు థామస్ స్టీవెన్సన్, 1860లలో ఉష్ణమాపకానికి తెల్లని చెక్క పెట్టెను రూపొందించాడు. గాలి ఆడేందుకు గోడలు ఏటవాలు పలకలు. నేటి కేంద్రాల్లో ఒకదానిపై ఒకటి పేర్చిన తెల్లని పళ్ళాల అమరిక దాని వారసత్వమే. మంచుదేశంలో ఎండ పై నుంచే కాదు, నేల మీది మంచు మీద పడి కింది నుంచీ కొడుతుంది. కనుక పలుచని, పొట్టి తొడుగుతో సరిపెట్టిన పరికరం మధ్యాహ్నం అబద్ధమాడుతుంది. ఎత్తు సంగతి కూడా ఉంది. ఉష్ణమాపకం నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున ఉండాలని ప్రపంచ వాతావరణ సంస్థ నియమం. మంచు పేరుకునే చోట ఆ ఎత్తును మంచు పైభాగం నుంచి లెక్కించుకోవాలి. మన లంబసింగిలో 'సున్నా డిగ్రీలు' అని ప్రతి శీతాకాలం వార్తలు వచ్చినప్పుడు ఈ నియమం గుర్తు చేసుకోవటం మంచిది. నిర్మలమైన, గాలిలేని రాత్రి గడ్డిపరకల మీద మంచు గడ్డకట్టినా, మనిషి ఎత్తున గాలి కొన్ని డిగ్రీలు వెచ్చగానే ఉండవచ్చు. రెండూ నిజాలే, వాడపల్లి దీపాల్లాగా.

మూడవది గాలి. తిరిగే గిన్నెల పవనమాపకం గడ్డకట్టే వానలో బిగుసుకుపోతుంది. శబ్దతరంగాలతో కొలిచే, కదిలే భాగాలు లేని రకాలు వచ్చాయి గానీ వాటి మీద కూడా మంచు కూర్చుంటుంది. తుపానువేళ తెర మీద సున్నా కనిపిస్తే అది ప్రశాంతత కాదు, పరికరపు నిస్సహాయత. పుస్తకంలో సున్నా రాయక, 'గడ్డకట్టింది' అని రాయాలి. గాలిని ప్రామాణికంగా కొలవటానికి పది మీటర్ల ఎత్తు, చుట్టూ ఖాళీ కావాలి. ఇళ్ళ మధ్య అది దుర్లభం కనుక తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవారు గాలి కొలతను చివరికి వాయిదా వేసుకోవచ్చు. వాయుభారమాపకం మాత్రం ఇంట్లోనే ఉండవచ్చు, చలి బాధ లేదు. సముద్రమట్టానికి సరిచేసుకోవటం మరువరాదు: సుమారు ఎనిమిది మీటర్ల ఎత్తుకు ఒక హెక్టోపాస్కల్ చొప్పున భారం తగ్గుతుంది. 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాదుకు ఈ సవరణ అరవై దాటుతుంది. విశాఖ తీరంలోని జగ్గారావుకు ఇది చిన్న లెక్క.

కనుక తక్కువ ఖర్చుతో కోరేవారికి నా వరుస ఇది: ముందు చేతితో కొలిచే వర్షమాపకం, తరువాత మంచి తొడుగు గల ఉష్ణ, ఆర్ద్రతామాపకం, ఆపైన వాయుభారం, చివర గాలి. అన్నీ కలిపి రంగుల తెరతో వచ్చే పెట్టె కొనటం తప్పు కాదు. ఐతే లెక్కలు తయారీదారు సర్వరులో మాత్రమే నిలిచే రకమైతే ఆలోచించండి. ఆ సంస్థ ఆ సేవను ఆపేసిన నాడు మీ పెరటి చరిత్ర మీకు దక్కదు. లెక్కలను సొంత ఫైలులోకి దించుకునే వీలు ఉండాలి. అంతకన్నా మేలు, పక్కన ఒక నోటుపుస్తకం. మొదటి పేజీలో పరికరం పేరు, పెట్టిన చోటు, ఎత్తు, చుట్టూ ఉన్న చెట్లు, గోడలు, చూసే వేళ రాయండి. ఏదైనా మార్చినప్పుడు తేదీతో నమోదు చేయండి. మన వాతావరణ శాఖకు వానరోజు ఉదయం 8.30కి ముగుస్తుంది, మీకు వీలైన వేళ ఏదైనా సరే, దానిని మార్చకుండా ఉండటమే ప్రధానం.

'ప్రభుత్వ కేంద్రాలుండగా నా పెరటి లెక్క ఎవరికి కావాలి?' అనవచ్చు. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో బేగంపేట కేంద్రం 19 సెంటీమీటర్ల వాన చూపింది. అదే వానలో ఘట్‌కేసర్ దగ్గరి సింగపూర్ టౌన్‌షిప్ కేంద్రంలో 32 సెంటీమీటర్లు దాటింది. ఇది 1908 నాటి శంషాబాదు ఒకరోజు వానకు దాదాపు సమానం. రాష్ట్ర ప్రణాళికా సంస్థ వెయ్యికి పైగా స్వయంచాలిత కేంద్రాలు నెలకొల్పి ఉండబట్టి ఈ భేదం తెలిసింది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్లు నమోదైనదీ అటువంటి పల్లె కేంద్రంలోనే. 2024 సెప్టెంబరు 1న కోదాడ పట్టణం జలమయమై, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమకాలువకు గండి పడినప్పుడు, ఆ వాన ఏ వాగు మీద ఎంత పడిందన్నది అక్కడి ప్రజలకు ప్రాణాల ప్రశ్న. రెండు కేంద్రాల నడుమ ఉన్న ఖాళీలో ఎవరి ఇల్లు ఉంటుందో, ఆ ఇంటి లెక్క మరెవరి దగ్గరా ఉండదు.

జగ్గారావుకు సిరి ఉంది, టేలర్ వంటి గురువు ఉన్నాడు. శంషాబాదు ఉద్యోగికి ఈ రెండూ లేవు. ఒక పాత్ర, ఒక పుస్తకం, ఒక వేళ మాత్రమే ఉన్నాయి. మనలో అత్యధికులం రెండవవారి కోవకు చెందినవాళ్ళం. ఆ కోవ చిన్నది కాదని ఈ చరిత్ర చెబుతున్నది.

ఒక విన్నపం. మన తాలూకా కచేరీల్లో వర్షమాపకాలుండేవి. వాటి లెక్కల పుస్తకాలూ ఉండేవి. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతాల పాత వాన పుస్తకాలు ఎవరింటి అటక మీదనైనా, ఏ గ్రంథాలయపు మూలనైనా మీ కంటబడితే దయచేసి ఫొటోలు తీసి భద్రపరచండి, ఇక్కడ వ్యాఖ్యల్లో తెలియజేయండి. చలిదేశాల మిత్రులు ఈ శీతాకాలపు మొదటి మంచును కరిగించి చూసి, అంకెతో సహా రాస్తే మరీ సంతోషం.